తలకు తొందర, నడుముకు నిదానం

(హైటెక్ సిటీలో చేసిన స్మారకోపన్యాసం పాఠం)



ఈ ఉపన్యాస నిధిని ఏర్పాటు చేసిన కుటుంబం నన్ను పిలుస్తూ ఒక షరతు పెట్టింది. "ఆయన పేరు, ఫొటో, గుణగణాలు ఏవీ వద్దండీ. ఎవరికైనా పనికొచ్చే మాట చెప్పండి, చాలు" అన్నారు. ఆ మాటకు కట్టుబడతాను. ఆయన ఈ ఐటీ కారిడార్‌లోనే ఉద్యోగం చేశారు, ఈ రోడ్ల మీదే తలకు దెబ్బ తగిలి పోయారు. ఇంతవరకు చెబితే ఈ విషయం ఎందుకు ఎంచుకున్నానో మీకు అర్థమవుతుంది.

మెదడు, వెన్నెముక ఆపరేషన్లు చేసే నాలాంటివాళ్లను మన ఊళ్లలో నరాల డాక్టర్ అంటారు. ఆ డాక్టరు గది బయట కూర్చున్నవాళ్లు అడిగే ప్రశ్న దాదాపు ఒక్కటే: "సార్, సక్సెస్ ఎంత పర్సెంట్?" తలకు దెబ్బ తగిలి కోమాలో ఉన్న కొడుకు తండ్రీ ఇదే అడుగుతాడు, డిస్కు జారిందని స్కాన్ కవరు పట్టుకొచ్చిన సాఫ్ట్‌వేర్ ఉద్యోగీ ఇదే అడుగుతాడు. ఈ ఇద్దరికీ చెప్పాల్సిన జవాబులు మాత్రం వేరు. తల దెబ్బలో చాలా భాగం మేం కత్తి పట్టకముందే, రోడ్డు మీదా, ఆ తర్వాతి కొద్ది గంటల్లోనూ తేలిపోతుంది. డిస్కు నొప్పిలో చాలా భాగం కత్తి అక్కర్లేకుండానే కొన్ని వారాల్లో సర్దుకుంటుంది. అంటే మొదటిదానికి తొందరపడాలి, రెండోదానికి ఆగాలి. ఈ కారిడార్‌లో నేను చూస్తున్నది దీనికి తలకిందులు. తల విషయంలో "ఏం కాలేదులే" అని ఇంటికి వెళ్లి పడుకుంటున్నాం. నడుం విషయంలో వారం తిరక్కుండా ఎంఆర్ఐ తీయించి భయపడుతున్నాం. ఇవాళ నేను చెప్పబోయేదంతా ఈ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది.

రోడ్డు మీద

1998 నవంబర్ 22న అప్పటి ప్రధాని వాజపేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. అప్పుడు మాదాపూర్ చుట్టూ రాళ్లగుట్టలే ఉండేవి. ఇవాళ ఆ గుట్టల మీద ఫ్లైఓవర్లు, అండర్‌పాసులు ఉన్నాయి. 2020 సెప్టెంబర్ నుంచి దుర్గం చెరువు మీద తీగల వంతెన కూడా ఉంది. రోడ్డు నునుపైన కొద్దీ బండి వేగం పెరిగింది. ఇక్కడ అందరూ మరిచే లెక్క ఒకటుంది. వేగం రెట్టింపైతే దెబ్బ బలం రెట్టింపు కాదు, నాలుగింతలు. నలభైలో పడ్డ మనిషికీ ఎనభైలో పడ్డ మనిషికీ తేడా అదే.

2019 నవంబర్ 4న బయోడైవర్సిటీ కూడలిలో పై అంచె ఫ్లైఓవర్ తెరిచారు. మూడు వారాలు తిరక్కుండానే, నవంబర్ 23న, గంటకు 40 కిలోమీటర్ల పరిమితి ఉన్న ఆ మలుపులో దానికి రెండింతలకు పైగా వేగంతో వచ్చిన కారు గోడ దాటి కింది రోడ్డు మీద పడింది. కింద నిలబడి ఉన్న ఒక మహిళ అక్కడికక్కడే చనిపోయారు. వేగం ఒకరిది, ప్రాణం ఇంకొకరిది.

దేశం మొత్తం మీద 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ లెక్క. అందులో నూటికి నలభై నాలుగు మందికి పైగా ద్విచక్ర వాహనాల మీద వెళ్తున్నవాళ్లే. హెల్మెట్ లేకుండా పోయినవాళ్లు 50,029 మంది. వీరిలో 14,337 మంది బండి నడపలేదు, వెనక కూర్చున్నారు. ఈ చివరి అంకె గుర్తుపెట్టుకోండి, మళ్లీ పనిపడుతుంది.

"నాకేం కాలేదన్నా"

గచ్చిబౌలి, కొండాపూర్ హాస్టళ్లలో ఉండే కుర్రాళ్ల విషయంలో నేను ఎక్కువగా భయపడే దెబ్బ ఒకటుంది. రాత్రి షిఫ్టు ముగించుకుని వస్తూ ఇసుక మీద బండి జారుతుంది. కణత ఫుట్‌పాత్ అంచుకు తగులుతుంది. ఒక్క నిమిషం స్పృహ పోతుంది, తర్వాత లేచి కూర్చుంటాడు. చుట్టూ చేరినవాళ్లు నీళ్లు తాగిస్తారు. "నాకేం కాలేదన్నా" అంటాడు, పక్క బండి మీద చాయ్ కూడా తాగుతాడు. బండి తోసుకుంటూ రూముకి పోతాడు. గంటకో రెండు గంటలకో తలనొప్పి అంటాడు, ఒకసారి వాంతి చేసుకుంటాడు. రూమ్మేట్లు "పడుకోరా, పొద్దున్నకి తగ్గుద్ది" అంటారు. పడుకుంటాడు. తర్వాత గురక మొదలవుతుంది. అలసిపోయాడనుకుంటారు. పొద్దున తట్టి లేపితే లేవడు.

లోపల జరిగింది ఇది. కణత దగ్గర పుర్రె ఎముక పలచన. దాని లోపలి వైపు అంటుకుని ఒక ధమని ఉంటుంది. ఎముక చిట్లినప్పుడు అది తెగి, ఎముకకూ మెదడు పై పొరకూ మధ్య నెత్తురు చేరుతుంది. పుర్రె మూత బిగించిన పాత్ర లాంటిది, లోపల చోటు పెరగదు. కొంతసేపు మెదడు తట్టుకుంటుంది. ఆ తట్టుకునే వ్యవధినే మనం "బాగానే ఉన్నాడు" అనుకుంటాం. గడ్డ ఇంకాస్త పెరిగితే మెదడు కిందికి నొక్కుకుపోతుంది. ఒక కంటి పాప పెద్దదై వెలుతురు వేసినా కదలదు. ఊపిరి నడిపే భాగం నలుగుతుంది.

విషాదం ఏమిటంటే, మా శాస్త్రంలో ఇంత చక్కగా నయమయ్యే దెబ్బ మరొకటి అరుదు. స్పృహ ఉండగానే సీటీ స్కాన్ తీసి, పుర్రెలో చిన్న భాగం తెరిచి గడ్డ తీసేస్తే చాలామంది మునుపటి మనుషులై ఇంటికి పోతారు. అదే గడ్డ, అదే ఆపరేషన్. నాలుగు గంటలు ఆలస్యంగా వస్తే ఫలితం వేరు.

మెదడు పొర లోపల చేరే గడ్డ ఇంతకంటే మొండిది, ఎందుకంటే అందులో మెదడు కూడా నలిగి ఉంటుంది. దాని గురించి 1981లో అమెరికా నుంచి వచ్చిన పరిశోధన ఒకటి మా తరానికంతా పాఠమైంది. కోమాలో వచ్చిన 82 మందిలో నాలుగు గంటల లోపు ఆపరేషన్ అయినవాళ్లలో నూటికి ముప్పై మంది చనిపోతే, ఆ తర్వాత అయినవాళ్లలో తొంభై మంది చనిపోయారు. తర్వాతి పరిశోధనల్లో తేడా ఇంత నిక్కచ్చిగా కనిపించలేదు కానీ, గడియారాన్ని చూడమన్న పాఠం మాత్రం మారలేదు.

ఇంకో మాట. వాసన వస్తోంది కదా అని "తాగి పడ్డాడు" అని వదిలేయకండి. తాగినవాడి తలకూ దెబ్బ తగులుతుంది. మత్తు దిగేదాకా చూద్దామని ఆగితే ఆ లోపు గడ్డ పెరుగుతుంది.

ఎత్తేవాళ్లు

108 అంబులెన్స్ 2005 ఆగస్టు 15న మన హైదరాబాద్‌లోనే మొదలై తర్వాత చాలా రాష్ట్రాలకు పాకింది. అది రాకముందు రోడ్డు మీద పడ్డవాణ్ణి ఇద్దరు చేతులు పట్టుకుంటే ఇద్దరు కాళ్లు పట్టుకుని ఆటోలో కుదేసేవాళ్లు. ఇప్పటికీ కొన్నిచోట్ల అదే జరుగుతోంది. మెడలో పూస విరిగి నరం ఇంకా తెగకుండా ఉన్న మనిషిని అలా మడిచి ఎత్తితే, రోడ్డు మీద కదిలిన కాళ్లు ఆస్పత్రి గేటు దగ్గర కదలకపోవచ్చు. ఊపిరి ఆడుతోంటే, మంటో ట్రాఫిక్కో మీద పడే ప్రమాదం లేకపోతే, మెడ కదలకుండా అలాగే ఉంచి 108కి ఫోన్ చేయండి. కదపక తప్పకపోతే తల, మెడ, నడుం ఒకే వరసలో ఉండేలా నలుగురు కలిసి ఒక్కసారే తిప్పాలి.

"పోలీసు కేసులో ఇరుక్కుంటాం" అన్న భయం పాతది. 2016లో సుప్రీంకోర్టు సాయం చేసినవాళ్లను వేధించరాదని చెప్పింది. 2019లో మోటారు వాహనాల చట్టంలో 134ఏ సెక్షన్ చేర్చి ఆ రక్షణను చట్టం చేశారు. పేరు చెప్పమని కూడా మిమ్మల్ని బలవంతపెట్టకూడదు. 2025లో కేంద్రం తెచ్చిన పథకం ప్రకారం రోడ్డు ప్రమాద బాధితులకు మొదటి ఏడు రోజులు లక్షన్నర రూపాయల దాకా నగదు లేకుండా చికిత్స అందాలి. "డబ్బు కడితేగాని చేర్చుకోరు" అన్న మాట విని వెనక్కి తిరగకుండా, ఈ పథకం పేరెత్తి అడగండి.

మూడు నుంచి పదిహేను దాకా

గాయపడ్డ మనిషి మా దగ్గరికి రాగానే మేం చూసేది స్కాన్ కంటే ముందు మనిషిని. కళ్లు తానుగా తెరుస్తున్నాడా, పిలిస్తేనా, నొప్పి పెడితేనా? మాట సరిగ్గా ఉందా, పొంతన లేకుండా ఉందా, మూలుగేనా? చెయ్యి ఎత్తమంటే ఎత్తుతున్నాడా, గిచ్చితే విదిలిస్తున్నాడా, బిగుసుకుపోతున్నాడా? ఈ మూడింటికీ మార్కులు వేసి కూడతాం. పూర్తి మార్కులు 15. ఏ స్పందనా లేకపోయినా 3 వస్తాయి. 8, అంతకంటే తక్కువైతే కోమా. స్కాట్లండ్‌లోని గ్లాస్గోలో టీస్‌డేల్, జెన్నెట్ అనే ఇద్దరు డాక్టర్లు 1974లో ఈ పద్ధతి చెప్పారు. ప్రపంచమంతా ఇవాళ దీన్నే వాడుతోంది.

బంధువులకు నేను చెప్పేది ఒకటే: సక్సెస్ ఎంత అని అడిగే ముందు "మా వాడి స్కోరు ఎంత, వచ్చినప్పటి నుంచి పెరిగిందా తగ్గిందా?" అని అడగండి. వయసు, ఈ స్కోరు, కంటి పాపల కదలిక, స్కాన్‌లో కనిపించే నష్టం, ఈ నాలుగూ చేతిలో ఉంటే డాక్టరు అంచనా కొంతవరకు నిలబడుతుంది. నాలుగూ చూడకుండా చెప్పిన పర్సెంటేజీకి విలువ లేదు. నూటికి తొంభై మంది బాగుపడతారంటే, మీ వాడు తొంభై వంతులు బాగుపడతాడని అర్థం కాదు. అతను ఆ తొంభైలోనైనా ఉంటాడు, ఆ పదిలోనైనా ఉంటాడు.

బతకడం, కోలుకోవడం

అదే జెన్నెట్, బాండ్ అనే మానసిక వైద్యుడితో కలిసి 1975లో ఫలితాలకు ఐదు మెట్లు గీశారు. మరణం, స్పృహ లేని జీవచ్ఛవ స్థితి, ఇంకొకరి మీద ఆధారపడే వైకల్యం, సొంతంగా బతకగలిగే వైకల్యం, బాగా కోలుకోవడం. మన వార్డుల్లో మాత్రం రెండే మెట్లున్నాయి, బతికాడు, పోయాడు అని. "ప్రాణానికి ప్రమాదం లేదు కదా సార్?" అనే అడుగుతారు. మధ్యలో ఉన్న మూడు మెట్ల గురించి ఎవరూ అడగరు, చాలాచోట్ల ఎవరూ చెప్పరు.

బతకడానికీ కోలుకోవడానికీ ఉన్న ఈ తేడాకు అసలైన పరీక్ష ఒక ఆపరేషన్. మెదడు వాచి, లోపలి ఒత్తిడి మందులకు లొంగనప్పుడు పుర్రెలో అరచేయంత ఎముక తీసేస్తాం. వాపుకు చోటు దొరుకుతుంది. తీసిన ఎముకను చాలాసార్లు రోగి పొట్ట చర్మం కిందే భద్రపరిచి, కొన్ని నెలల తర్వాత మళ్లీ పెడతాం. 2016లో వచ్చిన అంతర్జాతీయ పరిశోధన దీన్ని తేల్చి చూపింది. ఆపరేషన్ లేకుండా మందులతో చికిత్స పొందినవాళ్లలో ఆరు నెలలకు నూటికి దాదాపు 49 మంది చనిపోతే, ఆపరేషన్ అయినవాళ్లలో 27 మందే చనిపోయారు. గొప్ప విషయమే. కానీ జీవచ్ఛవంలా మిగిలినవాళ్లు మందుల వరుసలో నూటికి 2, ఆపరేషన్ వరుసలో 8 దాటారు. ఇతరుల మీద ఆధారపడి బతికేవాళ్లూ పెరిగారు. అంటే ఆ ఆపరేషన్ ప్రాణం నిలుపుతుంది, పాత మనిషిని తెచ్చిస్తానని మాత్రం హామీ ఇవ్వదు. సంతకం పెట్టించే ముందు ఈ రెండు వాక్యాలూ కుటుంబానికి చెప్పాలి. ఒక్కటే చెబితే అది సగం నిజం.

ఇక్కడే ఇంకో తేడా చెప్పాలి. కోమా, బ్రెయిన్ డెత్ ఒకటి కావు. కోమాలోని మెదడుకు ఎంతో కొంత పని మిగిలి ఉంటుంది. బ్రెయిన్ డెత్ అంటే తిరిగి రాని స్థితి. 1994 అవయవ మార్పిడి చట్టం ప్రకారం నలుగురు డాక్టర్ల బృందం కనీసం ఆరు గంటల తేడాతో రెండుసార్లు పరీక్షించాకే అలా ప్రకటిస్తారు. ఆ తర్వాతే అవయవదానం మాట వస్తుంది. 2013 నుంచి మన దగ్గర జీవన్‌దాన్ అనే ప్రభుత్వ కార్యక్రమం దాన్ని నడుపుతోంది. "డబ్బు కోసం వెంటిలేటర్ మీద ఉంచారు", "అవయవాల కోసం చంపేశారు" అన్న రెండు అనుమానాలూ ఈ తేడా ఎవరూ విడమరిచి చెప్పకపోవడం వల్ల పుట్టినవే.

హెల్మెట్ ఏం చేస్తుంది, ఏం చేయదు

1935లో ఇంగ్లండ్‌లో టి.ఇ. లారెన్స్ అనే ప్రసిద్ధ సైనికాధికారి మోటారుసైకిల్ మీంచి పడి, తలకు దెబ్బ తగిలి చనిపోయాడు. ఆయన్ని చూసిన డాక్టర్లలో హ్యూ కైర్న్స్ అనే న్యూరోసర్జన్ ఉన్నాడు. ఆ మరణం ఆయన్ని వదల్లేదు. యుద్ధకాలంలో సైన్యపు మోటారుసైకిలిస్టుల దెబ్బలను పరిశీలించి 1941లో హెల్మెట్ ప్రయోజనాన్ని రాసి పెట్టాడు. ఆ తర్వాత ప్రపంచంలోని పరిశోధనలన్నిటినీ ఒకచోట చేర్చి చూస్తే, హెల్మెట్ తల దెబ్బ ప్రమాదాన్ని 69 శాతం, మరణ ప్రమాదాన్ని 42 శాతం తగ్గిస్తుందని తేలింది. ఏ సర్జనూ, ఏ మందూ ఇంత ఫలితం చూపించలేదు. వాపు తగ్గుతుందని దశాబ్దాల పాటు ఇచ్చిన స్టెరాయిడ్లను పదివేల మంది మీద పరీక్షిస్తే, 2004లో మరణాలు పెరుగుతున్నాయని తేలి ఆపేశాం.

మన ఎరుకలో ఉన్న ఉదాహరణ చెబుతాను. 2021 సెప్టెంబర్ 10, వినాయక చవితి రాత్రి, నటుడు సాయి ధరమ్ తేజ్ బైకు తీగల వంతెన దాటాక మట్టి మీద జారింది. హెల్మెట్ ఉంది. దారిన పోయేవాళ్లు 108కి ఫోన్ చేశారు, త్వరగా ఆస్పత్రికి చేర్చారు. స్పృహ లేకపోయినా మెదడుకు, వెన్నెముకకు పెద్ద గాయాలు లేవనీ, కాలర్ బోన్ విరిగిందనీ డాక్టర్లు ప్రకటించారు. నెల దాటాక ఇంటికి వెళ్లారు. హెల్మెట్ వల్లే బతికానని ఆయన పలుమార్లు చెప్పారు. అంతేకాదు, ఆ తర్వాత కొంతకాలం మాట సరిగా రాక ఇబ్బందిపడ్డాననీ చెప్పుకున్నారు. హెల్మెట్, అంబులెన్స్, మంచి వైద్యం అన్నీ కుదిరిన మనిషికే మాట కూడదీసుకోవడానికి అంత సమయం పట్టింది. ఇవేవీ లేని డెలివరీ కుర్రాడి సంగతి మీరే ఊహించండి.

మోచేతికి తగిలించుకున్న హెల్మెట్, ట్యాంకు మీద పెట్టుకున్న హెల్మెట్, బకిల్ పెట్టని హెల్మెట్ మూడూ ఒకటే. బకిల్ లేకపోతే తల నేలకు తగలకముందే హెల్మెట్ ఎగిరిపోతుంది.

ఇక నడుము

ఇప్పుడు రెండో సగం. "వెన్నెముకకు ఆపరేషన్ చేయిస్తే కాళ్లు పడిపోతాయి" అన్న మాట తెలుగునాట వినని ఇల్లు లేదు. ఈ భయం ఊరికే పుట్టలేదు. మన ప్రాంతంలో వెన్నుపాము నొక్కుకుపోయిన కేసుల్లో పేరుమోసినది ఫ్లోరోసిస్. 1937లో షార్ట్, ఆయన సహచరులు అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలో నెల్లూరు జిల్లా పల్లెల్లో దీన్ని గుర్తించారు. తర్వాత నల్లగొండ పేరు దీనితో ముడిపడిపోయింది. నీటిలోని ఫ్లోరైడు ఏళ్ల తరబడి ఎముకల్లో చేరి పూసలు లావెక్కి, నరం పోయే దారి ఇరుకై, మనిషి కర్రలా బిగుసుకుపోతాడు. హైదరాబాద్ న్యూరోసర్జన్ డాక్టర్ దేమె రాజారెడ్డి ఈ రోగుల మీద చేసిన పని ప్రపంచ వైద్య సాహిత్యంలో నిలిచింది. అలాంటి రోగులు, వెన్ను టీబీ ముదిరినవాళ్లు, కణితులు పెరిగినవాళ్లు అప్పట్లో కాళ్లు పడిపోయే దశలోనే పెద్దాస్పత్రికి చేరేవాళ్లు. ఆపరేషన్ తర్వాత నడవలేకపోతే నింద ఆపరేషన్ మీద పడేది. అంతకుముందే పోయిన నరం ఎవరికీ కనిపించేది కాదు.

ఇవాళ్టి ఐటీ ఉద్యోగి నడుం సంగతి అది కాదు. రోజుకు పది గంటలు కూర్చుంటాడు, గంటన్నర ట్రాఫిక్‌లో కుదుపులు తింటాడు, ఒకరోజు కాలి వెనక నుంచి మెరుపులా నొప్పి దిగుతుంది. ఎంఆర్ఐ రిపోర్టులో "డిస్క్ బల్జ్" అని ఉంటుంది. ఇంటర్నెట్‌లో చదివి నిద్రపోడు. 1994లో ఏ నొప్పీ లేని 98 మందికి ఎంఆర్ఐ తీస్తే 52 శాతం మందికి కనీసం ఒక డిస్కు ఉబ్బి కనిపించింది. అంటే రిపోర్టులో ఉన్నదంతా రోగం కాదు. మనిషి చెప్పే నొప్పీ, డాక్టరు చేతికి తెలిసే బలహీనతా, ఫిల్ములో కనిపించే నరం ఒత్తిడీ మూడూ ఒకేచోట కలిస్తేనే అది కారణం.

కలిసినా తొందర లేదు. 2007లో నెదర్లాండ్స్ డాక్టర్లు తీవ్రమైన సయాటికా ఉన్న 283 మందిని రెండు వరుసలు చేశారు. కొందరికి వెంటనే ఆపరేషన్, మిగిలినవాళ్లకు మందులు, వ్యాయామం, ఓపిక. ఆపరేషన్ వరుసలో నొప్పి త్వరగా తగ్గింది. ఏడాది తిరిగేసరికి రెండు వరుసల్లోనూ నూటికి 95 మంది కోలుకున్నామన్నారు. రెండో వరుసలో నూటికి 39 మంది మధ్యలో ఓర్చుకోలేక ఆపరేషన్ చేయించుకున్నారు. అదీ నిజమే. కాబట్టి డిస్కు ఆపరేషన్ చాలామందికి తప్పనిసరి కాదు, తప్పు కూడా కాదు. నొప్పి ఎన్ని వారాలు భరించగలరు, ఉద్యోగం ఏమిటి అన్నదాన్ని బట్టి రోగి తీసుకోవాల్సిన నిర్ణయం అది. రిస్కు తక్కువే గానీ సున్నా కాదు. ఇన్ఫెక్షన్, నీటిపొర చిరగడం, డిస్కు మళ్లీ జారడం, అరుదుగా నరానికి దెబ్బ ఉంటాయి.

అయితే ఈ నిదానానికి మినహాయింపులున్నాయి. మూత్రం బిగిసిపోయినా, తెలియకుండా పోతున్నా, కూర్చునే చోట తిమ్మిరెక్కినా, పాదం వేలాడి చెప్పు జారిపోతున్నా, నొప్పితో పాటు జ్వరమో బరువు తగ్గడమో ఉన్నా రేపటికి వాయిదా వేయకండి. మొదటి మూడు లక్షణాలకు తెల్లారేదాకా కూడా ఆగొద్దు.

అడగండి, అమలు చేయండి

ఏ ఆపరేషన్‌కైనా డాక్టరును మూడు ప్రశ్నలు అడగండి. చేయించకపోతే ఏమవుతుంది? బాగా జరిగితే ఏ మెట్టు దాకా వస్తాడు, జరగకపోతే ఏ మెట్టు దగ్గర ఆగుతాడు? ఇంటికెళ్లాక ఎన్ని నెలలు ఎవరు చూసుకోవాలి? మూడో ప్రశ్నకు మన నగరంలో సరైన జవాబు లేదు. ఐసీయూ పడకలు పెరిగినంతగా ఫిజియోథెరపీ, మాట నేర్పే చికిత్స, పడక పుండ్లు చూసే నర్సు పెరగలేదు. నడుం కింద చచ్చుబడ్డ మనిషిని చంపేది ఎక్కువగా వెన్ను దెబ్బ కాదు, పుండ్లు, మూత్ర ఇన్ఫెక్షన్లు.

ఈ సభలో కంపెనీల పెద్దలున్నారు కాబట్టి మీకు రెండు విన్నపాలు. తలకు చిన్న దెబ్బ తగిలి వచ్చిన ఉద్యోగికి స్కాన్ మామూలుగానే ఉండొచ్చు. అయినా కొన్ని వారాల పాటు తలనొప్పి, మతిమరుపు, చిరాకు, వెలుతురు పడకపోవడం ఉంటాయి. అది నటన కాదు. వాళ్లకు తేలిక పని, తక్కువ గంటలు ఇవ్వండి. రెండోది, మీ గేటు దగ్గర ఐడీ కార్డు లేనివాణ్ణి లోపలికి పంపరు కదా. హెల్మెట్ బకిల్ పెట్టుకోని బండికి కూడా గేటు తీయొద్దని చెప్పండి. నడిపేవాళ్లకే కాదు (14,337 అన్న ఆ అంకె గుర్తుంది కదా), వెనక కూర్చున్నవాళ్లకూ, రైడ్ బుక్ చేసుకుని వచ్చేవాళ్లకూ, తిండి తెచ్చే కుర్రాళ్లకూ అదే నియమం. దీనికి బడ్జెట్ అక్కర్లేదు, కమిటీ అక్కర్లేదు. రేపు ఉదయం షిఫ్టు నుంచే మొదలుపెట్టండి.